ఎవరి తరపున ఆడేది?

ఫుట్‌బాల్‌లో ఒక మనిషి ఏ దేశం తరపున దిగవచ్చో ఫిఫా నిబంధనలు తేలుస్తాయి. మొదట ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. ఆ పౌరసత్వం కొత్తగా పుచ్చుకున్నదైతే ఆటగాడు అక్కడ పుట్టి ఉండాలి. లేదా అతన్ని కన్నవాళ్ళలో ఒకరో, వాళ్ళని కన్నవాళ్ళలో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి. అదీ లేకపోతే నిబంధన చెప్పినన్ని ఏళ్ళు అక్కడే బతికి ఉండాలి. నేల, నెత్తురు, నివాసం అనే ఈ మూడు కొలతలతో ఆటల పోటీ నడిచిపోతుంది. కానీ మనిషి ఒక ఊరివాడు, ఒక జట్టువాడు ఎలా అవుతాడన్న ప్రశ్న ఈ నిబంధనల కంటే చాలా పాతది. ఉపనిషత్తులు దాన్ని అడిగాయి, మహాభారతం అడిగింది, బుద్ధుడు అడిగాడు. జవాబులు ఒకచోట కలవవు. పోటీ మైదానం ఆ ప్రశ్నని మళ్ళీ మళ్ళీ పైకి తెస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి నువ్వెవరివని అడగక తప్పదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఈ ప్రశ్నని దగ్గర నుంచి చూడటానికి తగిన చోటు. రైలు వచ్చాకే అది పట్టణమయింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీ 19వ శతాబ్దం చివరికి ఇక్కడ పట్టాలు పరిచి, తర్వాత జంక్షన్ పక్కనే పెద్ద వర్క్‌షాపు కట్టింది. 20వ శతాబ్దం మొదట్లో తూర్పు తీరపు లైను ఉత్తర భాగం, అంటే వాల్తేరు దాకా, అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెలకి ఖరగ్‌పూర్ ఒకే రైలు దూరంలో పడింది. ఏ ఉత్తరాంధ్ర జనం బతుకుతెరువు కోసం రంగూను ఓడ ఎక్కారో, ఆ జనంలోనే మరికొందరు ఇటు రైలెక్కారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మెన్లుగా, గ్యాంగ్‌మెన్లుగా చేరారు. మథురాకాటి, నింపుర, న్యూ సెటిల్‌మెంట్ ప్రాంతాల రైల్వే క్వార్టర్లలో తెలుగు వీధి భాష అయింది. 1927లో వర్క్‌షాపులో సమ్మె, దాని వెంటే లాకౌట్ వచ్చినప్పుడు బి.ఎన్.ఆర్. కార్మికుల వెనక నిలిచిన నాయకుల్లో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి. తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యాడు.

ఇప్పుడు అక్కడ నడుస్తున్నది మూడో తరం, నాలుగో తరం. తాత ఊరు టెక్కలి దగ్గరో పార్వతీపురం దగ్గరో ఉంటుంది. మనవడు పెళ్ళికో దినానికో వెళ్ళి రెండు రోజుల్లో తిరుగు రైలెక్కుతాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పనిమీద వెళితే బెంగాలీ. వేసవి ముందు మాతాపూజకి అమ్మవారి ఘటాలు కదులుతాయి, దసరాకి రావణ దహనం చూడటానికి ఊరంతా మైదానానికి చేరుతుంది. ఈ కుర్రాణ్ణి నీది ఏ ఊరని అడిగితే వచ్చే జవాబు అడిగేవాణ్ణి బట్టి మారుతుంది. బెంగాలీ అడిగితే ఆంధ్రా అంటాడు, ఆంధ్రాలో చుట్టం అడిగితే ఖరగ్‌పూర్ అంటాడు. రెండూ నిజమే. అయితే రెండు చోట్లా కాగితాలు వేరు. ఎస్సీ, బీసీ జాబితాలు రాష్ట్రానికొకటి కాబట్టి ఆంధ్రాలో జాబితాకెక్కిన కులం బెంగాల్ జాబితాలో ఉండాలని లేదు. పుట్టింది బెంగాల్ గడ్డ మీదే అయినా ఆఫీసులో గుమాస్తా అడిగేది తాత ఎక్కడివాడని.

ఈ ఊరిని కట్టిన రైల్వే పేరుతోనే కలకత్తా ఫుట్‌బాల్‌లో ఒక జట్టు ఉండేది. మోహన్ బగాన్‌కి పశ్చిమ బెంగాల్ పాత కుటుంబాల అభిమానం, ఈస్ట్ బెంగాల్‌కి తూర్పు నుంచి తరలివచ్చినవాళ్ళ ప్రాణం, మొహమ్మదన్ స్పోర్టింగ్‌కి ముస్లిం సమాజపు అండ. బి.ఎన్.ఆర్. జట్టుకి అలాంటి పుట్టుక బలగం ఏదీ లేదు. ఉద్యోగమే దాని కులం. 1936లో సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ దంపతులకి పుట్టిన తులసీదాస్ బలరామ్, ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకుని, 1963లో బి.ఎన్.ఆర్.కి వచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో అతను ఆడాడు. ఆ రెండు జట్లకీ గురువు హైదరాబాద్‌కి చెందిన రహీం సాబ్. బలరామ్ శేష జీవితమంతా బెంగాల్లోని ఉత్తర్‌పారాలో గడిచింది, 2023లో పోయాడు. తమిళుల బిడ్డా, తెలుగు గడ్డ ఆటగాడా, బెంగాల్ మనిషా అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు.

అదే బి.ఎన్.ఆర్. ముందు వరస ఆటగాడు అప్పలరాజు. సింహాచలం అప్పన్న పేరు మీద ఉత్తరాంధ్రలో ఇంటింటా వినిపించే పేరు అది. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ దక్షిణ కొరియాని 2-0తో ఓడించినప్పుడు మొదటి గోల్ అతనిదే. ఆ టోర్నీలో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆసియా కప్‌లో ఈ దేశం ఇప్పటికీ అంతకు మించి వెళ్ళలేదు. అదే ఏడాది బి.ఎన్.ఆర్. బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ కప్పు గెలిచిన నాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే అన్నదే లేదు. 1944లో ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది, 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది, 1955లో ఆ భాగం విడివడి సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. కంపెనీ పోయింది, జట్టులో పాతవాళ్ళు పోయి కొత్తవాళ్ళు వచ్చారు, పేరు మాత్రం నిలిచింది. మిలిందుడనే గ్రీకు రాజుతో నాగసేనుడు చేసిన వాదం ఇలాంటి చోటే పనికొస్తుంది. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతాడు. ఏదీ కాదు, అన్నీ కలిసి ఉన్న తీరుకి పెట్టుకున్న పేరే రథమని రాజు చేతే చెప్పిస్తాడు. జట్టు కూడా అంతే. ఏ పదకొండుగురూ జట్టు కారు. అయితే బౌద్ధ వాదం ఇంతవరకే తెస్తుంది. జట్టు అనేది ఒక ఏర్పాటు అని ఒప్పుకున్నాక కూడా, ఆ ఏర్పాటులోకి ఎవరిని రానివ్వాలి అన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది.

రైల్వే దానికి తనదైన జవాబు ఇచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో రైల్వేస్ ఒక రాష్ట్రంలా ఆడుతుంది, సర్వీసెస్ కూడా అంతే. గజం నేల లేని రాష్ట్రం అది. 1960ల్లో రైల్వేస్ మూడుసార్లు ఆ ట్రోఫీ గెలిచింది. దానిలో చేరడానికి పుట్టిన ఊరు అడగరు, ఉద్యోగం ఉందా అని అడుగుతారు. రాంచీలో పుట్టిన మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్‌లో టికెట్ కలెక్టరు కొలువు చేస్తూ రైల్వే జట్లకి ఆడింది ఆ లెక్కలోనే. వృత్తి చుట్టూ మనిషికి చిరునామా కట్టే ఈ పద్ధతికి భారతీయ ఆలోచనలో ఒక వంశవృక్షం ఉంది. పుట్టుక వల్ల ఎవరూ అధములు కారు, చేసిన పని వల్లే అవుతారని వసల సుత్తంలో బుద్ధుడు అంటాడు. బ్రాహ్మణుడెవరన్న ప్రశ్నకి దేహం, జాతి అనే జవాబుల్ని వజ్రసూచికోపనిషత్తు ఒక్కొక్కటే కొట్టివేస్తుంది. కానీ వీటికంటే మైదానానికి దగ్గరైన కథ ఆదిపర్వంలో ఉంది.

హస్తినాపురంలో కుమారుల విద్యా ప్రదర్శన. అర్జునుడు చేసి చూపించినవన్నీ తానూ చేస్తానంటూ కర్ణుడు రంగంలోకి వస్తాడు, చేసి చూపిస్తాడు, ద్వంద్వ యుద్ధం అడుగుతాడు. అప్పుడు కృపుడు లేచి నియమం చదువుతాడు. ఇతను పాండురాజు కొడుకు, కురువంశం వాడు. నీ తల్లి ఎవరో, తండ్రి ఎవరో, ఏ కులమో చెప్పు, వంశం తెలియనివాడితో రాజకుమారులు పోరాడరు. కర్ణుడి తల వాలిపోతుంది. ఆ క్షణంలో దుర్యోధనుడు చేసేది పచ్చిగా చెప్పాలంటే పౌరసత్వం ఇప్పించడమే. రాజు కానివాడితో పోరు కుదరదంటే ఇతన్ని అంగరాజుని చేస్తున్నానంటాడు. బంగారు కలశాలు, పేలాలు, పూలు తెప్పించి అక్కడికక్కడే పట్టం కడతాడు. అంతలో కర్ణుణ్ణి పెంచిన సారథి, ముసలి అధిరథుడు కర్ర ఊతంగా, చెమటతో, ఉత్తరీయం జారిపోతుంటే రంగంలోకి వస్తాడు. అభిషేక జలం ఇంకా కారుతున్న తలని కర్ణుడు ఆ సూతుడి పాదాలకి ఆనిస్తాడు. తండ్రి కన్నీళ్ళు ఆ తల మీదే పడతాయి. భీముడు ఎగతాళి చేస్తాడు: నీకు కొరడా చాలు పొమ్మని.

సాధారణంగా ఈ ఘట్టాన్ని కులం పేరిట జరిగిన అవమానంగా చదువుతారు. అది సరైన చదువే. కానీ అర్హత అనే కోణంలో చూస్తే దీనిలో రెండు అన్యాయాలు ఎదురెదురుగా ఉన్నాయి. కృపుడు పుట్టుకే అర్హత అన్నాడు. దుర్యోధనుడు గెలుపు కోసం అర్హతని తయారుచేసి ఇచ్చాడు. అంగదేశపు జనాన్ని ఎవరూ అడగలేదు. రెంటికీ మధ్య నిలిచి ఉన్నది కర్ణుడు వంచిన తల ఒక్కటే. పట్టం కట్టిన మరుక్షణంలో తనని పెంచినవాడి కాళ్ళకి మొక్కి, తాను ఎవరి బాకీదారో అందరి ముందూ చెప్పాడు.

ఆగ్నేయాసియాలోని తిమోర్ లెస్టె కథ దీని పక్కన పెట్టి చూడదగింది. 1975 దాకా పోర్చుగల్ వలస, తర్వాత 1999 దాకా ఇండోనేషియా ఆక్రమణ, 2002 మే 20న స్వాతంత్ర్యం. జనాభా సుమారు 13 లక్షలు. 2003 మార్చిలో కొలంబోలో శ్రీలంక మీద మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి 2-3తో ఓడారు. 2005లో ఫిఫా సభ్యత్వం వచ్చింది. మొదటి గెలుపుకి 2012 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. యాంగూన్‌లో కంబోడియాని 5-1తో ఓడించారు. ఆ రోజుల్లో జట్టులోకి బ్రెజిల్‌లో పుట్టిన ఆటగాళ్ళు రావడం మొదలైంది. రెండు దేశాలకీ పోర్చుగీసు భాష ఒకటే, కాబట్టి దారి తేలికయింది. తిమోర్‌తో నెత్తురు సంబంధం ఉందని చూపడానికి పత్రాలు పుట్టాయి. 2017లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య తేల్చిందేమిటంటే, 12 మంది బ్రెజిల్ ఆటగాళ్ళ పత్రాలు తప్పుడువి. 2023 ఆసియా కప్ నుంచి ఆ దేశాన్ని వెలివేశారు. ఇది ఒక్క దేశపు జబ్బు కాదు. 2025 సెప్టెంబరులో మలేషియా జట్టులోని ఏడుగురు ఆటగాళ్ళ పత్రాలని ఫిఫా తప్పుబట్టింది. అక్కడ మార్చింది తాతల, అమ్మమ్మల జన్మస్థలాలని.

ఇక్కడ తొందరపడి తీర్పు చెబితే పొరపాటు. ఆ బ్రెజిల్ కుర్రాళ్ళు జీతానికి వచ్చారని చులకన చేయడం తేలిక. కానీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు ముందు నిలబడ్డ శ్రీకాకుళం ఖలాసీ వచ్చిందీ జీతానికే. బలరామ్‌కీ ఉద్యోగమే ఆధారం. పొట్ట కోసం ఊరు మారినవాణ్ణి తప్పుపట్టే హక్కు ఏ ధర్మశాస్త్రానికీ లేదు. బ్రెజిల్‌లో పుట్టినవాడు తిమోర్‌వాడు కాలేడన్న వాదన కూడా నిలవదు. అదే ఒప్పుకుంటే మథురాకాటిలో పుట్టినవాడి తాతని అడిగే గుమాస్తాదే ఒప్పవుతుంది. అసలు తప్పు ఎక్కడుందో చూపేది ఛాందోగ్యోపనిషత్తు.

సత్యకాముడు చదువు కోసం హారిద్రుమత గౌతముడి దగ్గరికి పోతూ తల్లిని గోత్రం అడుగుతాడు. పడుచు వయసులో ఎన్నో ఇళ్ళలో ఊడిగం చేస్తూ నిన్ను కన్నాను, గోత్రం నాకు తెలియదు, నా పేరు జబాల కాబట్టి సత్యకామ జాబాలుడినని చెప్పుకోమంటుంది. పిల్లవాడు గురువు ముందు ఆ మాటే అక్షరం మార్చకుండా చెబుతాడు. నువ్వు సత్యం నుంచి తొలగలేదు, సమిధలు తెచ్చుకో అంటాడు గురువు. గేటు దగ్గర అడిగిన ప్రశ్నకి పత్రం లేదు, నిజం ఉంది. అక్కడితో కథ ఆగదు. నాలుగు వందల బక్క ఆవుల్ని అప్పజెప్పి మేపుకు రమ్మంటాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని పిల్లవాడు అడవికి పోతాడు. ఆశ్రమంలో చోటు దొరికింది నిజం వల్ల. అది అతనిదయింది ఏళ్ళ తరబడి మేపిన ఆవుల వల్ల.

తిమోర్ పత్రాలు చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. ఒక ఆటగాణ్ణి వేరే దేశంలో చేర్చడానికి అతన్ని కన్నవాళ్ళ పుట్టుకని చెరిపి వేరేది రాశారు. జబాల తన కొడుక్కి అబద్ధపు తండ్రిని ఇవ్వలేదు. కర్ణుడికి ఉద్యోగపర్వంలో కృష్ణుడు చెప్పింది అబద్ధం కూడా కాదు, పరమ సత్యం: నువ్వు కుంతి కొడుకువి, పాండవ జ్యేష్ఠుడివి, రాజ్యం నీది. అయినా కర్ణుడు జట్టు మారలేదు. రాధ నాకు పాలిచ్చింది, నా మలమూత్రాలు ఎత్తింది, అధిరథుడు జాతకర్మ చేసి పేరు పెట్టి పెళ్ళి చేశాడు, వాళ్ళ పిండం నేనెలా కాదనను అన్నాడు. నెత్తురు నిజమని తెలిశాక కూడా నెత్తురు కంటే పెద్ద కట్టుబాటు ఒకటుందని అతని మాట. దుర్యోధనుడి పక్షం అధర్మ పక్షమని అతనికి తెలుసు. రుణం తీర్చే పట్టుదల అతన్ని తప్పు వైపు నిలబెట్టింది కూడా. రుణాన్ని పవిత్రం చేసి చూపేవాళ్ళు ఈ సంగతి దాటవేయకూడదు.

రుణం అన్నది వైదిక ఆలోచనలో చాలా పాత మాట. బ్రాహ్మణుడు దేవతలకీ ఋషులకీ పితరులకీ బాకీపడే పుడతాడని తైత్తిరీయ సంహిత అంటుంది. దాన్ని తెలుగువాళ్ళు ఇంటి భాషలోకి దించుకున్నారు. ఆ ఊరి నీళ్ళు తాగాం, ఆ ఇంటి ఉప్పు తిన్నాం, ఏదో రుణానుబంధం అంటారు. ఎవరు ఎవరివాళ్ళు అన్నదానికి ఇందులో ఒక కొలత దొరుకుతుంది. పుట్టిన చోటుకి బాకీ ఉంటుంది, పెంచిన చోటుకి ఉంటుంది, పని ఇచ్చిన చోటుకి ఉంటుంది. ఒక బాకీ ఇంకోదాన్ని రద్దు చేయదు. అప్పలరాజు గోల్‌ని బి.ఎన్.ఆర్. తనదనుకోవచ్చు, బెంగాల్ తనదనుకోవచ్చు, ఉత్తరాంధ్ర తనదనుకోవచ్చు. అది భారత్ లెక్కలో పడింది. ఫిఫా నియమం ఒక్క జవాబే అడుగుతుంది, ఎందుకంటే మ్యాచ్‌లో రెండు చొక్కాలు తొడుక్కోవడం కుదరదు. ఆ నియమం అవసరమే. కానీ అది తేల్చేది ఎవరు ఆడవచ్చు అన్నంతవరకే.

రుణాన్ని కాగితం మీద కొలవలేం కదా అని ఆక్షేపణ రావచ్చు. సరైన ఆక్షేపణే. ఎవరి గుండెలో ఎంత బాకీ ఉందో ఏ సమాఖ్య విచారించగలదు? అందుకే దేశాలు గట్టి గీతలు గీసుకుంటాయి. భారత ప్రభుత్వం 2008 నుంచి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళనే దేశపు జట్లలోకి తీసుకుంటోంది. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి చోటు లేదు. జపాన్‌లో పుట్టిన అరాతా ఇజుమి తన జపాన్ పౌరసత్వం వదులుకుని, భారత పౌరుడై, 2013లో ఈ దేశానికి ఆడాడు. అతని తండ్రి భారతీయుడే, అయినా నెత్తురు ఒక్కటే చాలలేదు. ఏదో ఒకటి వదులుకుని రావాలన్నది ఈ గీత లోపలి ఉద్దేశం. రుణపు కొలతకి ఇది దగ్గరగానే ఉంది. అలాగని అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఆ దేశాలకి ఆడితే దాన్ని ద్రోహమనడం అన్యాయం. వాళ్ళు అక్కడి మైదానాల బాకీదారులు.

రుణానికి కాగితం మీద దొరకని రుజువు ఓటమి తర్వాత కొంత కనిపిస్తుంది. బయటివాళ్ళు వెళ్ళిపోయాక తిమోర్ జట్టు సొంత కుర్రాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టింది. 2024 డిసెంబరు 8న హనోయ్‌లో థాయ్‌లాండ్ చేతిలో 0-10తో ఓడింది. మూడు రోజులకే కౌలాలంపూర్‌లో మలేషియా మీద దిగి, రెండు గోల్స్ కొట్టి, 2-3తో ఓడింది. పది గోల్స్ తిన్న జట్టులో మళ్ళీ ఆడటానికి దిగేది డబ్బు కోసం మాత్రమే కాదు. అద్దె ఆటగాళ్ళతో వచ్చిన 5-1 గెలుపు కంటే ఈ 2-3 ఓటమి ఆ దేశపు ఆటలో పెద్ద మెట్టు అని చెప్పడానికి జంకనక్కరలేదు.

బాకీ ఒకవైపే ఉండదన్నది చివరి సంగతి. ఆశ్రమం సత్యకాముడికి బాకీపడింది, ఆవులు పెంచినవాడు అతను కాబట్టి. వర్క్‌షాపులో మూడు తరాలు అరిగిపోయిన చేతులకి ఖరగ్‌పూర్ బాకీపడింది, ఖరగ్‌పూర్ ఉన్న రాష్ట్రం బాకీపడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుని అదనపు అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించినప్పుడు దానికి ఆధారం ఖరగ్‌పూర్‌లోని తెలుగు జనమే. అది గుర్తింపు, ఇంకా చెల్లింపు కాదు. ఆ నిర్ణయం బడిలో తెలుగు టీచరుగా, చేతికందే పాఠ్యపుస్తకంగా, తాత ఊరు అడగకుండా ధ్రువపత్రం ఇచ్చే ఆఫీసుగా మారవలసి ఉంది.